కాఫీ కౌంటరా, బారు కౌంటరా: దిగేముందు వేసుకోవాల్సిన లెక్కలు

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో కెఫే అద్దం మీద ‘బరిస్టా కావలెను’ అని కాగితం అంటించి ఉంటుంది. అదే వారం తెలిసినవాళ్లు ఫోను చేసి, “ఒంగోలు కర్నూలు రోడ్డులో బారు కౌంటరుకు మనిషి కావాలంట, పోతావా అబ్బయ్యా” అంటారు. టిప్పు ఎందులో ఎక్కువ అని అందరూ ముందు అడుగుతారు. ఆ ప్రశ్న నాలుగోది కావాలి. చెయ్యాల్సిన పని ఏంటి, ఎన్ని గంటలు నిలబడాలి, లెక్కలో తేడా వస్తే ఎవరి జేబుకు చిల్లు అన్నవి దాని కంటే ముందు తేలాలి. ఆ మూడూ తేలాక టిప్పు లెక్క పావుగంట పని.

ముందు పేరు సంగతి

బరిస్టా అంటే ఎస్‌ప్రెసో మిషను (వేడినీళ్లను ఒత్తిడితో కాఫీ పొడిలోంచి తోసేది) మీద కాఫీ తీసేవాడు. పెద్ద ఊళ్లలో బార్‌టెండర్ అంటే కొలత పెట్టి పోసి, కాక్‌టెయిల్ (మద్యంలో రసం, పాకం లాంటివి కలిపిన డ్రింకు) కలిపి, కౌంటరు ముందు కూర్చున్నవాడితో మాట్లాడుతూ అమ్మేవాడు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మామూలు ‘బార్ అండ్ రెస్టారెంట్’లో ఈ రెండో పని పెద్దగా కనపడదు. కస్టమరు బ్రాండు పేరు చెప్పి క్వార్టరో, నైంటీనో అడుగుతాడు. సర్వరు సీసా తెచ్చి టేబుల్ దగ్గరే మూత తిప్పి, సోడా, ఐసు, పల్లీలు పెట్టి వెళ్తాడు. కౌంటర్లో ఉన్న మనిషి సీసాలు లెక్కపెట్టి ఇస్తాడు, స్టాకు పుస్తకం రాస్తాడు. కస్టమరు అతని మొహం కూడా చూడడు, అందుకని పళ్లెంలో వదిలిన యాభై సర్వరు జేబులోకే పోతుంది. ‘బార్‌టెండర్’ అని చెప్పి పిలిచారంటే కాక్‌టెయిల్ మెనూ ఉందా, షేకర్ (డ్రింకు ఊపి కలిపే మూత డబ్బా) ఉందా, కౌంటరు ముందు స్టూళ్లు ఉన్నాయా చూడండి. మూడూ లేకపోతే అది స్టోరు కీపరు ఉద్యోగం. అది చెడ్డ ఉద్యోగమని కాదు, టిప్పు మీద ఆశ పెట్టుకుని దిగితే మాత్రం నిరాశ తప్పదు.

కాఫీ వైపు పని

తలుపు తియ్యడానికి కనీసం అరగంట ముందు మిషను ఆన్ చెయ్యాలి. బాయిలర్ ఒక్కటీ వేడెక్కితే చాలదు. పోర్టాఫిల్టర్ (పొడి నింపే పిడి గిన్నె), గ్రూప్ హెడ్ (అది బిగించే చోటు, నీళ్లు దిగేది అక్కడి నుంచే) కూడా వేడెక్కాలి, లేకపోతే మొదటి కప్పులు పుల్లగా వస్తాయి. తర్వాత గ్రైండరు సరిచేసుకోవడం. మామూలు లెక్క ఇది: 18 గ్రాముల పొడి, కప్పులోకి దిగే కాఫీ 36 గ్రాములు, 25 నుంచి 30 సెకన్లు, ప్రెషరు 9 బార్ (ఒత్తిడి కొలత), నీళ్లు 90–96 డిగ్రీలు. తూకం మిషను, టైమరు లేకుండా ఇది కుదరదు.

పదిహేను సెకన్లకే 36 గ్రాములు దిగిపోయిందంటే పొడి గరుకుగా ఉంది. నాలుక మీద పులుపు తెలుస్తుంది. గ్రైండరు ఒక్క గీత సన్నం వైపు తిప్పండి. నలభై సెకన్లు దాటినా బొట్లు బొట్లుగానే పడుతుంటే పొడి మరీ సన్నం, కాఫీ చేదెక్కుతుంది. ఒకసారి ఒక్కటే మార్చాలి. పొడి బరువు, గ్రైండు రెండూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. గ్రైండు మార్చాక మొదటి డోసు పారెయ్యండి, అందులో పాత పొడి కలిసి ఉంటుంది. ట్యాంపరు (పొడిని అదిమే బిళ్ల) ఒక పక్కకు వాలితే, పొడి పల్చగా ఉన్న వైపు నుంచే నీళ్లు దూసుకుపోతాయి. ఒకే షాటులో (ఒకసారి దింపిన కాఫీలో) పులుపూ చేదూ రెండూ తెలిశాయంటే సాధారణంగా కారణం అదే.

సముద్రం దగ్గరి ఊళ్లలో పొద్దున సరిచేసిన గ్రైండు మధ్యాహ్నానికి నిలవదు. గాలిలో తేమ మారుతుంది, గ్రైండరు వేడెక్కుతుంది. రోజుకు మూడుసార్లు షాటు తూచి చూసుకోండి. గింజలు వేయించి నెల దాటితే ఎంత తిప్పినా పైన నురగ పల్చగానే వస్తుంది, ఆ తప్పు మీది కాదు. ప్యాకెట్టు మీద వేయించిన తేదీ చూసి ఓనరుకు చెప్పండి.

ఇక నీళ్లు. మిషనుకు నేరుగా బోరు నీళ్లు ఇస్తే బాయిలర్ లోపల గార కడుతుంది, ఆవిరి పైపు మొన మూసుకుపోతుంది, చివరికి హీటరు కాయిల్ పోతుంది. ఫిల్టరు ఖర్చు మిగిలిందనుకుంటే అంతకు మించిన రిపేరు వస్తుంది. ఇంటర్వ్యూకి వెళ్లిన చోట ఫిల్టరు ఎప్పుడు మార్చారని అడిగి చూడండి. జవాబు చెప్పలేని షాపులో మిషను ఆగిన రోజు కస్టమర్ల చేత తిట్లు తినేది మీరే.

పాలు కాయడం దగ్గరే కొత్తవాళ్లు ఎక్కువ తడబడతారు. చల్లటి పాలు జగ్గులో మూతి మొదలయ్యే గీత కిందివరకే పొయ్యాలి. ఆవిరి పైపును ముందు ఒకసారి వదిలి, అందులోని నీళ్లు పోనివ్వాలి. మొన పాల పైపొరకు తగిలీ తగలనట్టు పెడితే కాగితం చింపినట్టు చిన్న చప్పుడు వస్తుంది. అప్పుడు గాలి లోపలికి పోతోందన్నమాట. జగ్గు అడుగు చేతికి గోరువెచ్చగా తగిలేలోపే గాలి ఆపి, మొనను కొంచెం ముంచి పాలు గిరగిరా తిరిగేలా పట్టుకోండి. 60–65 డిగ్రీల దగ్గర ఆపెయ్యాలి. 70 దాటితే పాల తీపి పోయి కాగిన వాసన వస్తుంది. పెద్ద పెద్ద బుడగలు కనిపించాయంటే గాలి ఆలస్యంగానో, మరీ ఎక్కువగానో పట్టించారు. కాచిన పాలు మళ్లీ కాస్తే నురగ రాదు. పైపును వెంటనే తడిగుడ్డతో తుడిచి, మరోసారి ఆవిరి వదలండి. తుడవని పైపు మీద రెండు గంటల్లో పాలు ఎండి రాయవుతాయి.

పాల ప్యాకెట్టు కూడా చూసి తీసుకోండి. టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, స్టాండర్డైజ్డ్‌లో 4.5, ఫుల్ క్రీములో 6. మనవాళ్ల నాలుకకు చిక్కటి పాలు అలవాటు కాబట్టి ఫుల్ క్రీమే కావాలంటారు. అది నోటికి బాగుంటుంది గానీ నురగ బరువుగా ఉండి లాటే గీతలు (కప్పు పైన నురగతో గీసే బొమ్మలు) నిలవడం కష్టం. రెండిటికీ మధ్యస్తంగా 4.5 శాతం ప్యాకెట్టు పనికొస్తుంది. ప్రతి కప్పుకూ 40 మిల్లీలీటర్లు జగ్గులో మిగిలిస్తే పాతిక కప్పులకు లీటరు పాలు సింకు పాలు. ఓనరు మొహం ఎందుకు ముడుచుకుందో అప్పుడు అర్థమవుతుంది.

మన ఊళ్లలో ‘స్ట్రాంగ్ కాఫీ’ అన్నవాడు అడిగేది చికోరీ కలిపిన డికాక్షన్, చిక్కటి పాలు, పంచదార. అతని ముందు చిన్న కప్పులో నల్లటి ఎస్‌ప్రెసో పెడితే ఒక గుక్క తాగి వదిలేస్తాడు, మళ్లీ రాడు. “పాలతోనా అన్నా, పంచదార ఎంత?” అని ఒక్క మాట ముందు అడిగితే సరిపోతుంది. కెఫేలో టిప్పంటూ పడితే ఈ ఒక్క మాటకే పడుతుంది.

మూసేటప్పుడు గుడ్డి బుట్టలో (చిల్లులు లేని ఫిల్టరు గిన్నెలో) క్లీనింగ్ పౌడరు వేసి గ్రూపును కడగాలి, తర్వాత ఉత్త నీళ్లతో నాలుగైదుసార్లు కడగాలి. నడ్డి నొప్పి, మణికట్టు నొప్పి, వేళ్లకు ఆవిరి కాల్పులు ఈ వృత్తితో వచ్చేవే.

బారు వైపు పని

ఇక్కడ అన్నిటికంటే ముందు కొలత. చిన్న పెగ్గు 30 మిల్లీలీటర్లు, పెద్దది 60. ఫుల్ బాటిల్ 750, అంటే 25 చిన్న పెగ్గులు. చెయ్యి జారి ప్రతిసారీ 32 పోశారనుకోండి, దాదాపు ఇరవై మూడున్నర పెగ్గులే వస్తాయి. రోజుకు పది ఫుళ్లు తెరిచే చోట అది పదిహేను పెగ్గుల తేడా. రాత్రి స్టాకు చూసినప్పుడు ఆ పదిహేను పెగ్గులు ‘ఎవరో తాగారు’ అవుతాయి. అందుకని ఎంత అనుభవం ఉన్నా కంటి అంచనాతో పొయ్యొద్దు. తూనికలు కొలతల ముద్ర ఉన్న కొలతతో, అంచువరకు నింపి, కస్టమరు కళ్ల ముందు పొయ్యండి. తక్కువ పోశాడనే గొడవకు కూడా ఇదే మందు. స్టాకు తేడాను జీతంలో కోస్తారా అనేది చేరకముందే అడగాలి. చాలామంది మొదటి నెల జీతం చేతికి వచ్చాకే ఈ సంగతి తెలుసుకుంటారు.

కాక్‌టెయిల్ చేసే చోట పని సాయంత్రం నాలుగింటికే మొదలవుతుంది. పంచదార పాకానికి పంచదార, వేడినీళ్లు బరువుకు సమానంగా కలిపి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. నిమ్మరసం ఏ రోజుకారోజు పిండుకోవాలి, మర్నాటికి చేదు తిరుగుతుంది. పిండేటప్పుడు తొక్కను నలిపేస్తే చేదు అప్పుడే దిగుతుంది. గూడూరు, పొదలకూరు నిమ్మ మార్కెట్లు పక్కనే ఉన్నా ఎండాకాలంలో ధర ఎక్కుతుంది, అప్పుడు ఓనరు సీసా రసం తెచ్చి పెడతాడు. దానితో చేసిన విస్కీ సోర్ నాలుక తెలిసినవాడు మొదటి గుక్కలోనే పట్టేస్తాడు.

ఆ విస్కీ సోరే ఉదాహరణగా తీసుకుందాం. విస్కీ 60, నిమ్మరసం 22, పాకం 22 మిల్లీలీటర్లు. మన చిన్న నిమ్మకాయలైతే రెండు కావాలి. షేకర్‌లో గట్టి ఐసు నిండా వేసి, పది పన్నెండు సెకన్లు భుజం కదిలేలా ఊపాలి. టిన్ను మీద తెల్లగా మంచు పట్టిందంటే అయినట్టు. రసం, పాలు, గుడ్డు ఉన్నవి ఊపాలి, ఉత్త మద్యాలు కలిసినవి స్పూనుతో అర నిమిషం తిప్పాలి. మోహితో అనే కాక్‌టెయిల్‌కు పుదీనాను రోట్లో పచ్చడిలా నూరితే ఆకు చేదు, పచ్చి వాసన వస్తాయి. రెండుసార్లు మెత్తగా అదిమితే చాలు.

రోహిణి కార్తెలో మాత్రం ఐసే మీ శత్రువు. బకెట్టులో పెట్టిన ఐసు పావుగంటకే తడిసి చెమ్మగిల్లుతుంది. ఆ తడి ఐసుతో ఊపితే డ్రింకు చల్లబడేలోపే నీళ్లవుతుంది. అడుగున జల్లెడ ఉన్న బకెట్టు వాడండి, కొంచెం కొంచెంగా తెచ్చుకోండి. తీరం ఊళ్లలో చేపలు, రొయ్యల కోసం ఐసు ఫ్యాక్టరీల గడ్డలు చవగ్గా దొరుకుతాయి. ఆ గడ్డ సీసాలు చల్లబరచడానికి సరే, గ్లాసులోకి రాకూడదు. గ్లాసుతో ఐసు తోడొద్దు. అంచు విరిగి గాజుముక్క పడితే ఐసులో కనపడదు, బకెట్టు మొత్తం పారబోసి కడగాల్సిందే.

తాగినవాడిని చూసుకోవడం పనిలో సగం. మాట ముద్దగా వస్తున్నప్పుడు ‘ఇక చాలు’ అని మొహం మీద అంటే గొడవే. ముందు నీళ్లు పెట్టండి, తినడానికి ఏదైనా పంపండి, తర్వాతి పెగ్గు ఆలస్యం చెయ్యండి, బిల్లు ముందే టేబుల్ మీద పెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం ఇవ్వకూడదు. అనుమానం వస్తే కార్డు అడగండి, అడగడానికి మొహమాటపడితే కేసులో ఇరుక్కునేది కౌంటరు. సీలు, ఎక్సైజ్ లేబులు లేని సీసా స్టాకులో కనిపిస్తే దాన్ని తెరిచి పోసే చెయ్యి మీది కాకుండా చూసుకోండి.

బారు ఉద్యోగం గురించి ఇంట్లో మాట్లాడేటప్పుడు ఇంకొకటి ఉంది. 1992లో సారాకు వ్యతిరేకంగా ఆడవాళ్లు లేచిన దూబగుంట నెల్లూరు జిల్లాలోదే. 1995లో రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చి, 1997లో సడలింది. ఆ తరం అమ్మలు, అమ్మమ్మలు ఇంకా ఇళ్లలో ఉన్నారు. పెళ్లిచూపుల్లో ‘అబ్బాయి హోటలు లైన్లో ఉన్నాడు’ అని చెప్పి నెట్టుకురావడం కంటే, ఏ హోటలు, ఎలాంటి బారు అనేది ముందే చెప్పేసుకోవడం మేలు. అమ్మాయిలకు బారులో పని చట్టవిరుద్ధమని కొందరు చెబుతుంటారు. ఢిల్లీలో అలాంటి నిషేధం ఉండేది, సుప్రీంకోర్టు 2007లో చెల్లదంది.

టిప్పు ఎక్కడి నుంచి పుడుతుంది

అమెరికా వీడియోల్లో బార్‌టెండర్ గాజు జాడీ నిండా డాలర్లు చూపిస్తాడు. అక్కడి చట్టం వేరు. అక్కడ కేంద్ర కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, టిప్పు వచ్చే ఉద్యోగికి మాత్రం ఓనరు 2.13 డాలర్లిచ్చి, మిగతాది టిప్పుల్లోంచి పూడ్చుకోవచ్చు. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో ఆ వెసులుబాటు లేదు. మిగతా చోట్ల ఓనరిచ్చేది తక్కువ కాబట్టే బారులో డ్రింకుకు డాలరో రెండో, లేదా బిల్లు మీద 15–20 శాతం ఇవ్వడం రివాజయింది. బరిస్టాకు ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. అక్కడ కూడా ఒక కప్పు అందుకుని నిమిషంలో వెళ్లిపోయేవాడికీ, రెండు గంటలు ఎదురుగా కూర్చున్నవాడికీ చెయ్యి ఒకేలా రాదు. మన దగ్గర ఓనరు జీతం మొత్తం తనే ఇవ్వాలి, టిప్పు కస్టమరు దయ. పైగా మనవాళ్లు చిల్లర వదిలేస్తారే గానీ శాతం లెక్కెయ్యరు.

సర్వీస్ ఛార్జీని టిప్పుతో కలపకండి. బిల్లులో దాన్ని తప్పనిసరి చేసి వెయ్యకూడదని వినియోగదారుల రక్షణ కేంద్ర సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. కస్టమరు దాని గురించి గొడవ పెట్టుకుంటే వాదించకుండా తీసేయించండి. ఆ డబ్బు మీకు వచ్చేదో కాదో ఎలాగూ ఓనరుకే తెలుసు. తిండి మీద జీఎస్టీ, మద్యం మీద వ్యాట్ అనేవి ప్రభుత్వానికి పోయే పన్నులు. బిల్లు లావుగా కనిపిస్తే కస్టమరు కోసేది మాత్రం మీ టిప్పునే.

లెక్క ఇలా వెయ్యండి. కింది అంకెలు పద్ధతి చూపడానికే, వాటి చోట మీకు చెప్పిన అంకెలు పెట్టుకోండి. కెఫేలో రోజుకు 150 బిల్లులు, అందులో 15 మంది పది రూపాయల చొప్పున వదిలితే 150. ముగ్గురు పంచుకుంటే తలకు 50, 26 రోజులకు 1,300. బారులో 30 టేబుళ్లు, ఇరవై మంది యాభై చొప్పున వదిలితే వెయ్యి. ఎనిమిది మందికి పంచితే 125, నెలకు 3,250. ఇక్కడిదాకా బారే నెగ్గింది. అర్ధరాత్రి దాటాక బస్సు ఉండదు, ఇంటికి ఆటో 60 అనుకుంటే నెలకు 1,560 పోయింది. ఇప్పుడు గంటల మీద భాగించండి. కెఫే జీతం 14,000, రోజుకు 9 గంటలు: 15,300 ను 234 గంటలతో భాగిస్తే గంటకు 65 రూపాయలు. బారు జీతం 15,000, మూసి కడిగేసరికి రోజుకు 11 గంటలు: 16,690 ను 286 తో భాగిస్తే 58. ఈ అంకెలతో కాఫీ నెగ్గింది. బారువాళ్లు రాత్రి భోజనం, దింపడానికి బండి ఇస్తే మళ్లీ తారుమారవుతుంది. కాబట్టి బండి ఉందా అనే ప్రశ్న టిప్పు ఎంత అనే ప్రశ్న కంటే బరువైంది. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 బార్లు మూస్తారు, ఎన్నికలప్పుడూ మూస్తారు. ఆ రోజుల జీతం ఇస్తారా కోస్తారా కూడా అడగండి.

జీతాన్ని తక్కువగా ఒప్పుకుని ‘టిప్పులతో కలిసి వస్తుందిలే’ అనే మాటకు పడొద్దు. పీఎఫ్, ఈఎస్ఐ కోత చూసేది జీతం స్లిప్పు మీదే. బ్యాంకు బండి లోను ఇచ్చేటప్పుడూ పళ్లెంలో మిగిలిన చిల్లర చూడదు.

డబ్బా పంచుకోవడం

టిప్పులు ఎవరికి వారే తీసుకునే చోట సర్వర్ల మధ్య మంచి టేబుల్ కోసం కొట్లాట ఉంటుంది, కౌంటరువాడికి ఏమీ రాదు. ఒకే డబ్బాలో వేసి పాయింట్ల మీద పంచుకోవడం మేలు. పాయింటును గంటతో గుణించాలి. సర్వరుకూ బార్‌టెండర్‌కూ గంటకు 3, వంటింటికి ఒకటిన్నర, శుభ్రం చేసేవాళ్లకు 1 అనుకోండి. నలుగురు సర్వర్లు, ఒక బార్‌టెండర్, ఇద్దరు వంటవాళ్లు, ఒక క్లీనరు పది గంటల చొప్పున చేస్తే 120, 30, 30, 10, మొత్తం 190 పాయింట్లు. డబ్బాలో 1,900 ఉంటే పాయింటుకు పది రూపాయలు. సర్వరుకూ బార్‌టెండర్‌కూ 300 చొప్పున, వంటవాడికి 150, క్లీనరుకు 100. ఒక సర్వరు సగం షిఫ్టుకే వెళ్లిపోతే మొత్తం 175 పాయింట్లవుతాయి, మిగతావాళ్లకు పాయింటుకు పదకొండుకు దగ్గరగా వస్తుంది. మేనేజరును ఇందులో కలపొద్దు. అమెరికాలో 2018 నుంచి మేనేజర్లు ఉద్యోగుల టిప్పులు తీసుకోకూడదని చట్టమే ఉంది. మన దగ్గర అడిగి ఒప్పించుకోవాలి.

ఇప్పుడు అసలు చిక్కు ఫోన్‌పేలతో వచ్చింది. బిల్లు 460 అయితే కస్టమరు 500 కొట్టి “ఉంచుకో తమ్ముడూ” అంటాడు. ఆ నలభై పోయింది ఓనరు ఖాతాలోకి. రాత్రికి ఎవరికీ గుర్తుండదు. దీనికి మందు కౌంటరు మీద ఒక నోటుబుక్కు. టైము, బిల్లు నంబరు, ఎక్కువ వచ్చిన మొత్తం అప్పటికప్పుడే రాయాలి. మూసేటప్పుడు ఓనరు ఫోనులోని వసూలుతో పోల్చి సంతకం పెట్టించుకోవాలి. నగదుగా ఇవ్వడం రోజూ కుదరకపోతే వారానికొకసారి ఇవ్వమని చెప్పండి, నెలాఖరుకు వదిలితే జీతంలో కలిసి కనపడకుండా పోతుంది. మీ సొంత క్యూఆర్ కోడ్ బల్ల మీద పెట్టుకోవడం మాత్రం వద్దు. ఒక్క కస్టమరు పొరపాటున బిల్లు మొత్తం దానికే కొడితే దొంగతనం మాట వస్తుంది.

నేర్చుకోవడం, ట్రయల్ రోజు

కాఫీ సంగతి పద్ధతిగా తెలుసుకోవాలంటే బెంగళూరులో కాఫీ బోర్డు నడిపే ‘కాపీ శాస్త్ర’ అనే చిన్న కోర్సు ఉంది. బారు, హోటలు రెండిటికీ పనికొచ్చే చదువు కావాలంటే తిరుపతిలో స్టేట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హోటల్ మేనేజ్‌మెంట్ దగ్గరే. ఏ కోర్సూ లేకపోయినా కెఫేలో ఆరు నెలలు చేస్తే చేతికి తూకం, టైము, శుభ్రం అలవాటవుతాయి, అవి బారుకు పోయినా పనికొస్తాయి. బారులో నేర్చిన స్టాకు పుస్తకం కెఫే ఓనరుకూ ముద్దొస్తుంది.

ఎవరైనా ట్రయల్‌కు రమ్మంటే జనం ఉండే శనివారం సాయంత్రమే అడగండి, జారని బూట్లు వేసుకుని వెళ్లండి. ఆ రోజుకు కూలి ఇస్తారా అని ముందే తేల్చుకోండి. పని మొదలవడం చూసి వచ్చెయ్యకుండా మూసేదాకా ఉండండి. కడగడం ఎవరి మీద పడుతోందో, పగిలిన గ్లాసు ఎవరి పేరున రాస్తున్నారో, స్టాకు లెక్క దగ్గర ఎవరు నిలబడుతున్నారో అప్పుడే కనపడుతుంది. టిప్పు డబ్బా బయటికి తీసినప్పుడు తాళంచెవి ఎవరి జేబులోంచి వచ్చిందో, లెక్కపెట్టేటప్పుడు మిగతావాళ్లు చుట్టూ ఉన్నారో ఇళ్లకు పోయారో చూసి, ఆ తర్వాత జీతం మాట ఎత్తండి.